నాలుగు మీటర్లు అటూ ఇటూ

ఫోనులో బాణం ఈశాన్యానికి తిరిగింది.
మూడువందల పది మీటర్లు.
కూతవేటు దూరమే గానీ
ఈ ఊబి మీద కేక వేస్తే
నాచు మింగేస్తుంది, తిరిగి పంపదు.

రెండు పలకల వెడల్పు చెక్కదారి.
ముందు నేను, పదకొండేళ్లవాణ్ణి,
మా నాన్న ఫోనుతో, నలభై శాతం చార్జింగుతో.
వెనక పక్కింటి వైకె అవ్వ,
పెద్దతోడు లేందే ఊబిలోకి వెళ్లకూడదని
అమ్మ పెట్టిన షరతు వల్ల.
చేతికర్ర తెచ్చింది. ఊతకి కాదు,
పలకల సందున పొడిచి
లోతెంతో చూసుకుంటూ వచ్చింది, ఊరికే, అలవాటుగా.

"ముప్పై ఉపగ్రహాలు అవ్వా,
మననే చూస్తున్నాయి," అన్నాను.
"అవి చూడవు తన్నెల్.
టైమెంతో చెబుతాయి, అంతే.
ఎక్కడున్నామో మనమే లెక్కేసుకోవాలి.
చూసేవాళ్లు వేరే ఉండేవారు,
వాళ్లకి ఉపగ్రహాలతో పనిలేకపోయింది."

ఆమె తార్తులో పటాలు గీసేదట,
మాస్కో మాట చెల్లే రోజుల్లో.
గదికి తాళం, సొరుగుకి తాళం,
సాయంత్రం పెన్సిలు ముక్కలు కూడా లెక్క అప్పజెప్పి
ఇంటికి వెళ్లాలి.
పైనుంచి కాగితం దిగేది:
ఈ వంతెన కనిపించకూడదు.
ఈ వాగుని కిలోమీటరు తూర్పుకి జరపండి.
జరిపేది,
సన్నటి నీలి గీతతో, చెయ్యి వణక్కుండా.
"చేపలకి మాత్రం చెప్పలేదు," అంది.
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఈ ఊబినే ఒక ఏడు అడవి చేసిందట,
మీద ఆకుపచ్చ రంగు పూసి.
ఆ పటం నమ్ముకుని పుట్టగొడుగులకి వచ్చినవాళ్లు
మోకాళ్ల దాకా దిగబడి
తిట్టుకున్నారు,
తమ కళ్లని.

గిడస పైన్ చెట్ల కింద
బాణానికి పిచ్చెక్కింది.
ఎనిమిది మీటర్లు. పదిహేను. ఆరు.
మళ్లీ పదకొండు, వెనక్కి!
"ఇది అబద్ధాలు చెబుతోంది!"
ఫోను బురదలోకి విసిరేద్దామన్నంత కోపం.

కళ్లజోడు నుదుటి మీదికి తోసి
ఆమె తెరని ముక్కు దగ్గర పెట్టుకుంది.
కింద మూలన చిన్న అక్షరాలు.
నాలుగు మీటర్లు అటూ ఇటూ.
చాలాసేపు చూసింది.
"అబద్ధం కాదురా.
తనకి ఎంతవరకు తెలియదో చెబుతోంది.
మా పటాలు ఒక్కసారైనా
ఆ మాట అనలేదు."

ఫోను జేబులో పెట్టించింది.
నేను పలకల కింద చెయ్యి పెట్టాను: చల్లటి నీళ్లు.
వడ్రంగిపిట్ట తొర్రలో పెట్టాను: చీమలు.
క్రాన్‌బెర్రీ తీగలన్నీ చిందరవందర చేశాను.
ఆమె మాత్రం నించున్నచోటే నించుని
ఒక్కో చెట్టునీ
సంతకం సరిచూసే గుమాస్తాలా చూస్తోంది.

"ఆ కుక్కగొడుగు,"
అంది కర్ర ఎత్తి,
"అది బర్చ్ మానుకి పట్టేది.
పైన్ మీద దానికేం పని?"

పాముకాళ్లు పాముకే ఎరుక.
లాగితే ఊడొచ్చింది, వెనక అయస్కాంతం,
లోపల బొటనవేలంత డబ్బా,
చెమ్మెక్కిన చీటీ చుట్ట,
దానిమీద ఎవరెవరివో పేర్లు, తారీకులు,
ఒక దోమ శవం.

నా పేరు వంకరగా రాశాను.
ఆమె అచ్చులో పోసినట్టు రాసింది, వైకె,
ఆపైన ఫోను మళ్లీ తీయమంది.
"ఆ అంకెలు చదువు. గట్టిగా."

యాభై ఎనిమిది డిగ్రీలు ఉత్తరం అని మొదలుపెట్టి
దశాంశాలతో సహా
గొంతు చించుకుని చదివాను.
ఒక కొంగ లేచింది.
అంతకు మించి ఏమీ జరగలేదు.
ఏదో జరుగుతుందని
ఆమె కాసేపు ఎదురుచూసినట్టుంది.

డబ్బా తిరిగి పెట్టేటప్పుడు
నేను కుక్కగొడుగుని నిటారుగా నిలిపాను.
ఆమె వేలితో
రవ్వంత ఎడమకి వంచింది.
"ఎలా ఉందో అలాగే."

తిరుగుదారిలో ఫోను ఆరిపోయింది.
పొగమంచు మోకాళ్ల దాకా వచ్చింది.
"వాగు ఎటు అవ్వా?"

కర్ర చాపి చూపింది,
పడమటికి,
అది ఎప్పుడూ ఉన్న వైపుకి.