ఇతివృత్తం

పదకొండో అంశానికి వచ్చేసరికి
గడ్చిరోలి జిల్లా పరిషత్ హాల్లో
మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నాలుగోది ఆలోచిస్తోంది.
టీలు అయిపోయాయి. సభ్యుల్లో సగం మంది
చెప్పుల్లోంచి పాదాలు తీసి
చల్లటి బండల మీద పెట్టుకున్నారు.

నేను మినిట్స్ రాసే గుమాస్తాని. సిరోంచ వాణ్ణి.
ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ,
అప్పు అడిగేటప్పుడు హిందీ.
మినిట్స్‌ని ఇక్కడ ఇతివృత్తం అంటారు.
మా అమ్మకి చెబితే
"కథలు రాసే నౌకరా బిడ్డా?" అని మురిసిపోయింది.

అంశం పదకొండు: ఖర్చుల క్రమబద్ధీకరణ.
పెద్దసారు చదివారు, నీళ్లు తాగారు, మళ్లీ చదివారు.
వాడకం తక్కువున్న మాహేర్‌ఘర్లు ఆరు మూత.
అంగన్‌వాడీ గుడ్డు వారానికి నాలుగు నుంచి ఒకటి.
సికిల్‌సెల్ మాత్రలు ఇకమీదట తాలూకా ఆసుపత్రిలోనే.
అభ్యంతరాలున్నాయా అని అడగటం రివాజు.
నా కలం అప్పటికే "ఏకమతానే" లో
మొదటి అక్షరం రాసేసింది.

అప్పుడు లేచింది కొండగొర్ల మల్లుబాయి, అంకీసా సభ్యురాలు.
రాత్రి బస్సులో రెండు వందల కిలోమీటర్లు వచ్చి
కుచ్చిళ్లకి ఆలాపల్లి ఎర్రదుమ్ముతోనే
పొద్దుట్నుంచి కూర్చునుంది.
గద్దె మీదున్నది ఆమె పార్టీయే.
పక్క సీటాయన ఆమె ముందున్న కాగితం లాగేశాడు,
కూర్చోమని.

మూడు వాక్యాలు మరాఠీలో చెప్పింది.
నాలుగోదానికి కోపం వచ్చింది.
కోపం వస్తే ఆమెకి మరాఠీ రాదు.

"సారూ, మాహేర్ అంటే మా దిక్కు పుట్టిల్లు.
నొప్పులు రాకముందే పదిరోజులు ఒచ్చి పండుకునే ఇల్లు.
మంది తక్కువ ఒస్తున్నరని
ఎవడన్న పుట్టింటికి తాళమేస్తడా?
వానకాలం మీ జీపే రాదు గాడికి, మీ లెక్క యెట్లొచ్చింది?
శ్రావణంల మా వాగు మూడు దినాలు దాటనియ్యలే.
మంచం మీద మోసుకొచ్చిన పిల్ల, లసుమి దాని పేరు,
ఒడ్డు మీదనే కన్నది. దోనె అవతలుండె.
బొడ్డు నేనే కోసిన. వెదురు బద్దతోని. గీ చేత్తోని.
బిడ్డ బతికింది.
తల్లిని మీ కాగితంల యే గడిల రాసిండ్రు?
వాడకం తక్కువ అన్న గడిలనా?"

హాల్లో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.
ఇంకో ఇద్దరికి వచ్చు,
వాళ్లు రానట్టు కూర్చున్నారు.
అధ్యక్షులు నా వైపు చూశారు, ఏమంటోందీ అని.
ఇరవై రెండేళ్ల నౌకరీలో
నేను ఆ హాల్లో లేచి మాట్లాడటం అదే మొదలు.
పుట్టింటి దాకా బాగానే చెప్పాను.
వెదురు బద్దకి మరాఠీ మాట ఉంది, నాకు తెలుసు,
నోట్లోంచి రాలేదు.
గాలిలో చేత్తో చూపించాను, ఇలా కోసినట్టు.
లెక్కల శాఖ మేడమ్ ఫైలు మూసేసి కిటికీ వైపు తిరిగింది.

మల్లుబాయి ఇంకా నిలబడే ఉంది.
"గుడ్డు ముచ్చట గూడ జెప్పు తమ్మీ, మర్చిపోకు" అంది మెల్లగా.
ఆ సమయంలో నాకు నవ్వొచ్చింది.

చేతులెత్తమన్నారు.
వ్యతిరేకంగా ఒక్క చెయ్యి. గాజులు మోచేతి దాకా జారాయి.
కాసేపటికి చివరి వరుసలో ఇంకోటి సగం లేచింది.
చెవి గోక్కోవడానికేమో, ఇప్పటికీ తేలలేదు.
ఒకటిన్నర అని రాయలేను కదా.

అంశం ఆమోదం పొందింది.
పన్నెండో అంశం, పరిషత్ ప్రహరీకి రంగు.

ఆమెకి పుస్తకంలో ఒక్క లైను చోటుంది:
సభ్యురాలు అభ్యంతరం తెలిపారు, నమోదు చేయడమైనది.
సంతకాలకి పంపేముందు
మొదలెట్టి ఆగిన ఆ "ఏ" ని కొట్టేశాను.
కొట్టివేత పక్కన పొడి సంతకం ఉండాలని రూలు. పెట్టాను.

చీకటిపడ్డాక బస్టాండ్‌లో కనిపించింది.
వడాపావ్ కట్టిన కాగితం మీద, నూనె మరక తప్పించి,
తన భత్యంలోంచి మాహేర్‌ఘర్ వంటామెకి
ఎన్ని నెలలు జీతమియ్యొచ్చో లెక్క కడుతోంది.
తల ఎత్తకుండానే అడిగింది,
"పదిహేడో ఎక్కం ఒస్తదా తమ్మీ?"