నీటిమూటలు

మంచు మూరెడు మందం కట్టిందని కబురొచ్చిన ఆదివారం
లేనా నది అవతలి మా అలాస్ సరస్సు మీదికి
ఊరంతా రంపాలతో దిగింది.
సున్నాకి కింద ముప్పైయారు. మాట బయటికొస్తే
గడ్డానికి తెల్లగా అంటుకుంటోంది.
రంపంపళ్ల కింద నీళ్లు
చెక్కపొట్టులా పొడిపొడిగా రాలుతున్నాయి.

బైబాల్ ముందు తాడు పరిచి గీతలు గీస్తాడు.
గీత వెంట కోత, చివర్లో గడ్డపలుగుతో ఒకే ఒక్క పోటు.
పలక చిన్నగా నిట్టూర్చి విడిపోతుంది.
మునగదు. అదే దాని గుణం.
కొక్కెం వేసి ఇద్దరం లాగితే
అప్పుడే పుట్టిన దూడలా తడితడిగా జారుతూ
పైకి వస్తుంది.

కోసిన మడుగులోంచి తొల్బోన్ గరిటెడు నీళ్లు ముంచాడు:
డికాషన్ రంగు, నాచు వాసన, అడుగున నలుసులు.
పక్కనే నిలబెట్టిన పలకలోంచి చూస్తే
వాళ్ల నాన్న మీసం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.
"ఇదీ అదీ ఒక్క నీళ్లేగా టీచర్,
మురికి ఎటు పోయింది?"

ఏడో తరగతి గదిలో నెలరోజులు చెప్పింది
వీడి చెవికి ఎక్కలేదన్నమాట.
సరే, చేతితొడుగులు విప్పకుండానే మళ్లీ మొదలుపెట్టాను.

ఆక్సిజన్‌ది కాస్త లాగే చెయ్యి.
హైడ్రోజన్‌తో పొత్తు కలిపి, ఉమ్మడి ఎలక్ట్రాన్లని
తనవైపే జరుపుకుంటుంది.
చిత్రమేమంటే, జరుపుకున్న వైపు ఋణం అంటాం,
పోగొట్టుకున్న వైపు ధనం.
ఈ పద్దు రాసినవాడెవడో, వడ్డీవ్యాపారి మాత్రం కాదు.
ఆ ఋణం ఊరుకోనివ్వదు. పక్క అణువు ధనం వైపు
చెయ్యి చాపిస్తుంది. అదీ గట్టి పట్టు కాదు.
నీరుగా ఉన్నంతసేపు, రెప్పపాటులో వేలకోట్ల సార్లు
పట్టి, వదిలి, ఇంకొకర్ని పట్టి,
సంతలో తప్పిపోయిన పిల్ల
కనిపించిన కొంగల్లా పట్టుకున్నట్టు.

చలి వచ్చి కూర్చోమంటుంది.
నలుగురి చేతులే నీకు, ఇక మారకు, అంటుంది.
అప్పుడు లేస్తాయి ఆరు మూలల గదులు,
నడుమ బోలుగా. ఆ బోలు వల్లే మంచు తేలుతుంది.
గదులు బోలే గాని ఉప్పుకి అద్దెకివ్వరు.
నలుసుకీ నాచుకీ ఇవ్వరు. కిందికి తోసేస్తారు.

"అయితే కింద మిగిలిందంతా పనికిరానిదా?"
కాదురా. అడుగున నాలుగు డిగ్రీల దగ్గర
బరువుగా పడుకుని ఉంటుంది.
దాన్ని కప్పుకునే సోబో చేపలు చలికాలం గట్టెక్కుతాయి.
బైబాల్ రంపం ఆపి నవ్వాడు:
"నన్నూ శుభ్రమైన ఇళ్లలో ఎవరూ ఉంచుకోలేదు.
నాది చేపల పక్షం."

పొద్దు వాలేలోపు నూటపాతిక పలకలు ఒడ్డున నిలబడ్డాయి.
పిల్లలు మేకులతో వాటి మీద ఇంటిపేర్లు చెక్కారు.
నీటి మీద రాత. ఎవరూ నవ్వలేదు,
వేసవి దాకా చెరగదని అందరికీ తెలుసు.
స్లెడ్జిల మీద కట్టిన నీటిమూటలు
ఒక్క బొట్టు కారకుండా ఇళ్లకు చేరాయి.

రాత్రి బైబాల్ ఇంట్లో, పొయ్యి పక్క పీపాలో
ఒక ముక్క వేశాం. టప్పున చిట్లింది.
మంట ఎంత ఎగదోసినా పీపా చాలాసేపు చల్లగానే ఉంది.
ముందు ఆ చేతులు విడిపించాలి కదా, ఒక్కొక్కటే.

ఉత్తరపు వంపులో మంచు ఇంకా తేటగా ఉంటుందే,
అక్కడెందుకు కొయ్యవని అడిగాను.
అడిగాక గుర్తొచ్చింది: రెండేళ్ల కిందట, మే నెల మొదట్లో,
ట్రాక్టరు, దాని మీద వాళ్ల తమ్ముడు మీతెరే.
పైకి చూస్తే ఆ రోజూ మంచు మంచులాగే ఉంది.
లోపల ఎవరు ఎవరిని వదిలేశారో చెప్పలేదు.

బైబాల్ పీపాలోంచి ఒక పెచ్చు తీసి నోట్లో వేసుకున్నాడు.
నీళ్లు నమిలాడు,
పటపటమని, చాలాసేపు,
నేను కూడా చెయ్యి చాపి
ఒక పెచ్చు అడిగేదాకా.