తరుగు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల నడుమ
పదకొండేండ్లుగ తక్‌పట్టీలు రాస్తున్న.
తేజకు ఒక ధర, తాలుకు ఒక ధర.
తేమ ఉంటే తరుగు, మట్టి ఉంటే తరుగు,
ఏమీ లేకున్నా రివాజు కింద కొంత తరుగు.
ఎర్రటి దుమ్ము నా కనుబొమ్మల మీదనే కాపురముంటది.

అసుంటి పట్టీ ఒకదాని వెనుక
ఈసారి నా లెక్క రాసుకున్న:
ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ రెండు ముక్కలు,
ఎస్‌ఎస్‌డీ, కూలర్, క్యాబినెట్, మానిటర్,
అన్నిటి కింద రెండు గీతలు కొట్టి
గ్రాఫిక్స్ కార్డు.
లక్షా ఎనభై వేలు. మొన్న ఎత్తుకున్న చిట్టి పైసలు.

హన్మకొండ చౌరస్తా దాటి, మెట్లెక్కితే
జహీర్ భాయ్ దుకాణం.
"తమ్మునికా అక్కా? ఎడిటింగ్ కోసమా?"
"ఆడుకోనీకి. నేనే."
స్టూలు జరిపి, ఫ్యాను నా దిక్కు తిప్పిండు.
ఆ ఒక్క పనికే
కొంటే ఈయన దగ్గర్నే కొనాలె అనుకున్న.

పెద్ద తెర మీద మంచు చూపించిండు.
గుట్ట అంచున ఒంటి గుర్రం.
ఒక్కొక్క రేకు వేరువేరుగ దిగుతున్నది,
జూలు మీద వాలుతున్నది,
కాసేపు ఆలోచించి కరుగుతున్నది.
నా పాత ల్యాప్‌టాప్‌ల మంచంటే
గోడ సున్నం రాలినట్టుంటది.

మంచు ఎంత సన్నగ కురిస్తే
కార్డు అంత కాగుతదట.
జహీర్ భాయ్ మామూలుగనే చెప్పిండు, బిల్లు బుక్కు వెతుక్కుంట.
నేను రెండు దినాలు ఆ మాటనే మోసుకొని తిరిగిన.

మే నెల. కరీమాబాద్‌ల మా రేకుల గది.
రాత్రి పదకొండు దాటినా గోడకు ఆనుకోలేం.
గండ్ల కూసోని
నేను మంచు పుట్టియ్యాలె.

మా బావ ఓదెలు, లైన్‌మన్,
పట్టీ అటూఇటూ తిప్పి చూసిండు.
కార్డు పేరు చదవనే లేదు.
"ఎస్‌ఎంపీఎస్ ఏదీ? మరిచినవా?
ఎనిమిదొందల యాభై వాట్లది రాయి, మంచిది రాయి.
అగ్గువది పెట్టినవనుకో, ఒక్క ఉరుముకు
నీ గుర్రం పాయె, నీ గుట్ట పాయె."
రాసిన. అందరికంటె పైన రాసిన.

అద్దాల క్యాబినెట్ కొట్టేసిన.
ముందర జాలి ఉన్నది చాలు,
వారానికోసారి తీసి కడుక్కోవచ్చు.
నా బట్టలెంట వచ్చే మిర్చి దుమ్ము,
జిన్నింగు మిల్లు దిక్కు నుంచి పత్తి నూగు,
రెండూ అండ్లకు పోకుండ ఆగవు.
రంగు లైట్ల ర్యామ్‌కు మూడు వేలు ఎక్కువ.
చీకట్ల ఆడేదానికి నాకు దీపాలెందుకు?

మూడో నాడు పోతే
కార్డు మీద ఆరు వేలు పెరిగినయి.
"పొద్దుగాలనే మారింది అక్కా, నా చేతుల లేదు."
నవ్వు రాబోయి ఆగింది.
జెండా పాట కాడ ఒక ధర,
కాంటా కాడికి వచ్చేసరికి ఇంకో ధర.
"నా చేతుల లేదు" అని
నేనే ఎన్నిసార్లు చెప్పిన!
దుకాణం అద్దంల నా మొఖం చూసుకున్న.
పరకాల నుంచి రాత్రంతా ట్రాక్టర్ మీద వచ్చిన
మనిషి మొఖం.

ఒక మెట్టు కిందిది తీసుకున్న.
మంచు కొంచెం ముద్దగ పడుతది.
పడనీ.

ఆదివారం. పెట్టెలన్ని ఆటోల ఏసుకొని
ఇంటికి పోయేది, మార్కెట్ దిక్కు మలిపిచ్చిన.
ఎందుకో అడిగితే చెప్పలేను.
షెడ్డు కింద ఎవ్వరు లేరు. కాంటా ఖాళీ.
ఒక్కొక్కటి పెట్టి తూచిన:
పద్దెనిమిది కిలోల నాలుగొందల గ్రాములు.
ఆటో ఆయన రెండుసార్లు తుమ్మిండు.
అలవాటు కొద్దీ పెన్ను
తరుగు గడి మీదికి పోయింది.

అక్కడ్నే ఆగింది, చానాసేపు.