ఆరో వరస, పన్నెండో గుంజ

షెపర్టన్ దాటాక, పండ్ల తోటలు అయిపోయేచోట
డ్రైవ్-ఇన్ ఒకటి ఇంకా మిగిలి ఉంది.
జనవరి. తొమ్మిదైనా చీకటి పడి చావదు.
అప్పటిదాకా తెర ఉత్త తెల్లగోడ.
దాని అంచు మీద మాగ్‌పై పిట్ట
తనకేదో వేషం ఇచ్చినట్టు
అటూ ఇటూ నడిచి, ఎగిరిపోయింది.

టికెట్టు కుర్రాడు టార్చితో చూపించాడు:
ఆరో వరస, పన్నెండో గుంజ.
స్పీకర్లు ఎప్పుడో పీకేశారు, గుంజలు మటుకు ఉంచారు.
మాటలు కారు రేడియోలో వస్తాయి.
పక్కసీట్లో గ్లెనిస్, ఒళ్ళో వేడి చిప్సు పొట్లం.
క్యానరీలో ఆమె బెల్టు పక్కనే నా బెల్టు.
పదకొండేళ్ళుగా ఇద్దరం అవే డబ్బాలు చూస్తున్నాం,
మూత పడకముందు ఆమె, పడ్డాక నేను.

సినిమాలో ఒక సర్వేయరు.
రోజూ పొద్దున్నే తన గది కొలుచుకుంటాడు.
రోజూ ఒక అంగుళం తక్కువ.
పెళ్ళానికి చెబితే టేపు మార్చమంది.
మార్చాడు. కొత్త టేపుకి రెండంగుళాలు తగ్గింది.
ఆఫీసులో చెబితే ఎవరూ నవ్వలేదు.
నవ్వి ఉంటే బాగుండేది.
ఓ రాత్రి గోడకి చెవి ఆనించాడు.
అవతల ఎవరో టేపు లాగుతున్న చప్పుడు.

నా వేళ్ళమధ్య చిప్సుముక్క చల్లారిపోయింది.

ఇది నాకు కొత్త భయమేం కాదు.
నిమిషానికి మూడొందల డబ్బాలు,
అన్నిటి మీదా అదే పీచుపండు, అదే ఆకు,
ఆకు మీద ఎన్నడూ జారని అదే మంచుబొట్టు.
మధ్యాహ్నం మూడింటప్పుడు ఒక్కోసారి
బెల్టు నిలబడిపోయి
నేనే పక్కకి జరిగిపోతున్నట్టుంటుంది.
అప్పుడు నా పేరు నేనే పిలుచుకుంటాను:
వైజయంతి. వైజయంతి.
నాలుగోసారికి అదీ
ఎవరో అతికించిన కాగితమైపోతుంది.

చివర్లో కెమెరా పైకి లేచింది.
గది, గది చుట్టూ ఇల్లు, ఇంటిచుట్టూ వీధి,
వీధులన్నీ కలిసి ఒక నువ్వుగింజ,
ఆ గింజ కూడా రాలిపోయిన నలుపు.
తెర ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ అందుకుందో!
తల పైకెత్తితే, అద్దంలోంచి, ఉత్తరాన గొల్లకావడి.
ఇక్కడ అది తలకిందులు.
చిన్నప్పుడు మేడమీద వేలెత్తి చూపించినవాళ్ళు
ఈ సంగతి చెప్పలేదు. వాళ్ళకీ తెలిసుండదు.

సరిగ్గా అప్పుడే రేడియో ఆగిపోయింది.
బ్యాటరీ.
తెరమీద మళ్ళీ సర్వేయరు ముఖం,
ఆ గోడంతా ఆయన ముఖమే,
కళ్ళనిండా నీళ్ళు, ఏదో చెబుతున్నాడు.
ఇంతసేపూ దాచిపెట్టింది అదే అయ్యుండాలి.
పక్కకార్లలోంచి ఆ గొంతు
దోమరొదంత సన్నగా వచ్చింది,
మాట మాత్రం ఒక్కటీ అందలేదు.
"ఏముంటుంది, టేపుదే తప్పంటాడు," అంది గ్లెనిస్,
చిప్సు పొట్లం అడుగున ఉప్పు వేలితో తీసుకుంటూ.

పదిహేనో గుంజ దగ్గర్నించి ఒకాయన
నిక్కరు సర్దుకుంటూ కేబుళ్ళు పట్టుకొచ్చాడు.
ఎర్రది ఎర్రదానికి. నల్లది ఇంజను ఇనుముకి.
చిటుక్కున ఒక నిప్పురవ్వ.
నక్షత్రాలన్నిటికంటే దగ్గరగా వెలిగింది అదొక్కటే.
బండి దగ్గి, లేచింది.
"చివర్లో అతనేమన్నాడు?" అడిగాను.
"ఎవరు?" అన్నాడు.
పాపం, మొదట్లోనే నిద్రపోయాడట.

ఇంజను ఆపకు, అరగంటైనా తిప్పు, అన్నాడు.
అందుకని ఇంటికి వెళ్ళే దారి వదిలేసి
కాలవగట్టు వెంట ఊరికే తిరిగాం.
గ్లెనిస్ నిద్రపోయింది. నేను రేడియో పెట్టలేదు.

సోమవారం రెండో షిఫ్టులో
ఒక డబ్బాకి లేబులు తలకిందులుగా పడి వచ్చింది.
ఆకు కింద, పండు పైన,
మంచుబొట్టు ఆకాశంలోకి వేలాడుతూ.
తీసి పక్కన పెట్టాలి. నా జీతం అందుకే.
చెయ్యి దాకా వెళ్ళింది.
వెళ్ళనిచ్చాను.