పదకొండో వరుస

కాలువకు నీళ్లిడిచిన్రని తెలిసిన రాత్రే
నా ఫోనుకు పదహారు మంది రైతులు.
అందరిదీ ఒకటే మాట:
"అక్కా, ముందుగాల మావోటి."

నారుకు ఇరవై ఐదు దినాల ఈడు.
ముప్పై దాటితే ముదురుతది,
పిలక సరిగ వెయ్యదు,
ఆ మాట పడేది ముఠా మేస్త్రే.
మేం పదకొండు మందిమి,
జానీమియా ఆటో ఒక్కటి,
దినానికి రెండెకరాలు,
నడుము మాట వింటే ఇంకో పది గుంటలు.

ఇన్నేండ్లు అంతా తలకాయలనే.
త్రిపురారంల మూడు, నిడమనూరుల నాలుగు,
హాలియా బాటకు ఉన్నయి రెండు మళ్లు.
నిరుడు ఒక్క తేదీ ఇద్దరికిచ్చిన.
ఒరం మీద నిలబెట్టి ఆ ఇద్దరు అన్న మాటలు
ఇంకా చెవుల్ల బురద లెక్కనే ఉన్నయి.

ఈ ఏడు ఏదన్న ఆధారం గావాలె అనుకున్న.

తలుపు మీద సుద్దగీతలు గీసిన.
జల్లు కొట్టి
రాఘవులు నాలుగెకరాలు కడుక్కపోయినయి.
ఎరువుల దుకాణం క్యాలెండర్ల
తేదీకి అగ్గిపెట్టెంత జాగ,
అండ్లనే అమాస, రాహుకాలం, మా ఇంటాయన పాల లెక్క.
రెండు లీటర్లను రెండెకరాలనుకొని
ఒకనాడు తెల్లారకముందే ఆటో ఎక్కినం.
మిర్యాలగూడల తెల్లబోర్డు ధర అడిగిన,
పన్నెండు వందలట.
ఎకరం గుత్తకు గంటసేపు బేరమాడే నోరు
ఆడ మూతబడ్డది.

మంగతాయి బిడ్డ ఝాన్సీ
రైసుమిల్లుల కంప్యూటర్ కాడ కూసుంటది.
ఫోన్ల తీసి చూపిచ్చింది:
మనిషికో వరుస, దినానికో గడి,
పనుంటే పచ్చగ,
మోయలేనంతైతే ఎర్రగ.
"పది మంది దాక ఊకెనే పెద్దమ్మా,
పదకొండో మనిషికి నెలనెలా పైసలు."

పది పేర్లు చెప్పిన.
నా పేరు చెప్పలె, మేస్త్రికి గడెందుకని.
ముందుగాల నిరుటివి ఎక్కిద్దామన్నది.
నాట్లు, నారు పీకుడు, కట్టలు మోసుడు,
యాదికున్నకాడికి చెప్పుకుంటవోయిన.
నారుమడి లెక్క పచ్చబడ్డది ఫోను.
నడుమ ఒక్క వరుస మాత్రం
ఈ కొస నుంచి ఆ కొస దాక ఎర్రగ.

కోటమ్మ.

మంగతాయికి జరమొస్తె కోటమ్మ.
దుర్గి పెండ్లికి పోతె కోటమ్మ.
కట్టలు మోసేటోళ్లు రాకపోతె,
పొద్దుగూకినంక ఇంకో పది గుంటలంటే,
పిలవంగనే "సరే వదినె" అన్న గొంతు.
కాదనేటోళ్లు యాదిల గట్టిగ నాటుకుంటరు.
సరేననేది
వేళ్ల సందుల నీళ్ల లెక్క జారిపోతది.

"ఇది తప్పు జెప్తుందా బిడ్డా?"
"నువ్వు చెప్పిందే చెప్తది పెద్దమ్మా."

మంచిదే దొరికింది.
కాని కోటమ్మకు ఫోను లేదు,
జానీమియాకు చదువు రాదు,
నాకు అద్దాలు లేంది గడే కనబడదు.
నాకొక్కదానికి తెలిసే లెక్కైతే
తలకాయ ఏం పాపం జేసింది?

ఆటోల డ్రైవర్ సీటు వెనక రేకుంటది,
అందరి మోకాళ్లు తాకే జాగ.
మిగిలిన పెయింటుతోని దాని మీద గడులు గీసిన.
అయిదు రూపాయల బొట్టుబిళ్లల అట్ట.
నాటుకు చిన్న బిళ్ల, మోతకు పెద్ద బిళ్ల.
ఎవరిది వాళ్లే అంటియ్యాలె,
ఇంటికి మళ్లేటప్పుడు, చేతులు తుడుసుకొని.
"నా ఆటోకు ఇన్ని బొట్లా!" అని
జానీమియా అద్దంల జూసి నవ్విండు.

ఆరో దినం
కోటమ్మ వరుసల అన్నీ పెద్దయే.
ఎవరూ ఏమనలె.
తెల్లారి దుర్గి
చెప్పకముందే కట్ట ఎత్తుకున్నది.
మంగతాయి మొకం తిప్పుకున్నది,
రెండు రోజులు నాతోని మాట్లాడలె.

కోటమ్మ ఒకనాడు రేకు మీద వేలు పెట్టి
పైనుంచి కిందిదాక లెక్కబెట్టింది.
"నీ వరుసేది వదినె?"

ఆటో కుదుపులకు చెయ్యి వణుకుతుంటే
అడుగున పదకొండో గీత గీసిన, వంకరగ.
అట్టల నుంచి పెద్ద బిళ్ల ఒకటి ఊడదీసి
వేలి కొసకు పెట్టుకొని
ఈ వారం నేను మోసిన కట్ట ఏదా అని
ఊరొచ్చేదాక యాది జేసుకుంటనే ఉన్న.