తిరుగు గొట్టం

అక్టోబరు తొలి మంచు విక్ రేవు మీద
ఉప్పు చల్లినట్టు పడిన రాత్రి
వంటింటి మూల బాయిలర్ గొణగడం మొదలెట్టింది.
ముందు గొణుగుడు, తర్వాత పేలాలు వేగే చప్పుడు,
ఆపైన లోపల ఎవరో
బయటికి దారేదని తట్టినట్టు.
ముల్లు తొంభై అయిదు దాటింది.
టక్కున ఆగిపోయింది.

ఇంట్లో మాత్రం చలి.
రేడియేటర్ మీద ఆరేసిన మేజోళ్లు
తడితడిగానే వేలాడుతున్నాయి.
పెట్టెకి జ్వరం, ఇంటికి వణుకు.

ఎర్ర బొత్తాం ఉంది కదా అని నొక్కాను.
మళ్లీ మరిగింది, మళ్లీ ఆగింది.
మళ్లీ నొక్కాను.
నలభై ఏళ్లు చేపల పడవ ఇంజన్లతో వేగినవాణ్ణి,
ఈ తెల్ల డబ్బా నాకొక లెక్కా!
మూడోసారి నొక్కబోతూ, ఎందుకో, ఫోను తీశాను.

"ఆ వేలు తియ్యి హెక్టర్," అంది డొలీనా.
"అది ఆగుతున్నది నీ ఇల్లు నిలబడ్డానికే.
కరెంటు తీసెయ్. చల్లారనీ.
రెండు కోట్లు వేసుకుని పడుకో."

పొద్దున్నే వచ్చింది, తలుపుతో పాటు గాలినీ నెట్టుకుంటూ.
కుడి మణికట్టుకి నల్ల పట్టీ.
టీ వద్దంది, తర్వాత తాగింది.
మంట అంటుకున్నాక రెండు గొట్టాలు తాకి చూసింది,
ఒకదాని మీంచి చెయ్యి వెంటనే లాక్కుంది,
రెండో దాని మీద ఉంచేసింది.
"పోయే గొట్టం కాలిపోతోంది.
తిరుగు గొట్టం నిన్నటి చేప.
వేడి పుడుతోంది, గడప దాటడం లేదు."

స్క్రూడ్రైవర్ మొన పంపు మీద, పిడి చెవి మీద.
"మూలుగుతోంది గానీ తిరగడం లేదు.
ఎప్పుడు కట్టేశావు?"

మే నెలలో, అన్నాను.
నూనె ధర చూశావుగా, అన్నాను.
ఈ ఏడు ఎండ కూడా కాసింది,
నాలుగు రోజులు, అన్నాను.
ఆమె అడిగింది ఒక్క మాటే.

కరెంటు తీసింది. కింద పాత పేపరు పరిచింది.
పంపు నడినెత్తిన ఇత్తడి మర,
అది ఊడగానే కాటుకలాంటి నీళ్లు
బొట్టు బొట్టుగా కారాయి.
లోపల ఇరుసు చివర సన్నటి గాటు.
స్క్రూడ్రైవర్ ఆనించింది. తిప్పింది.
కదల్లేదు.
పళ్లు బిగించి మళ్లీ తిప్పింది.
అప్పుడు ఇనుము కాదు, మణికట్టు కలుక్కుమంది.

చాలాసేపు మర వంకే చూసి
పిడి నా వైపు తిప్పింది.
"ఏప్రిల్లో నిచ్చెన మీంచి పడ్డాను.
విరిగింది అతికింది, పట్టు రాలేదు.
ఇవాళే మొదటి పని.
నువ్వు తిప్పు. మొరటుగా కాదు.
అటు కొంచెం, ఇటు కొంచెం,
బుజ్జగించు."

అటు కొంచెం. ఇటు కొంచెం.
వెంట్రుక వాసి.
గోరంత.
ఇంకా అటు,
జారినట్టయింది గుండెలో ఏదో,
తిరిగింది.

ఇద్దరం మాట్లాడుకోలేదు.
తిరుగు గొట్టం మీద చెరో అరచెయ్యి వేసి నిలబడ్డాం.
చల్లగా, చల్లగా,
కాస్త నులివెచ్చగా.
"అదీ," అంది.

బిల్లులో సగం కొట్టేసి "నీ కూలి" అని రాసింది,
ఎడమ చేత్తో, వంకర టింకర అక్షరాల్లో.
మేడ మీద గది ఇంకా వేడెక్కలేదు.
అది మడ్డి, గురువారం మందు తెచ్చి కడుగుతానంది.
ఎండాకాలమైనా వారానికోసారి
అయిదు నిమిషాలు తిప్పమంది.
"పంపునా?" అన్నాను.
పట్టీ విప్పి చుట్టుకుంటూ నవ్వింది.

ఆ పేపరు పారెయ్యలేదు నేను.
ఆటుపోట్ల పట్టిక మీద నల్ల మరక,
సరిగ్గా పోటు ఎన్నింటికో
కనపడకుండా.