చువ్వ

నాగవేణి మోచేతి మడతలో నరం దొరకలేదు.
మూడుసార్లు తట్టాను, పిడికిలి బిగించమన్నాను.
"కనపడదులే మేడం, ఎప్పుడూ ఇంతే"
అని తప్పు తనదైనట్టు నవ్వింది.
పద్నాలుగేళ్లు. డెబ్బైతొమ్మిది కిలోలు.
ఆదోని ఆస్పత్రిలో రెండో గది,
కాగితాలు ఎగురుతాయని ఫ్యాను ఆపేసిన మధ్యాహ్నం.

చక్కెర బాగుంది. రక్తం బాగుంది.
ఒక్క సీఆర్‌పీ మాత్రం
గీత దాటి ఏడు దగ్గర నిలబడింది.

వాళ్ల నాయన ఉరుకుందు
బిడ్డ నుదుటికి చేతి వెనకవైపు ఆనించాడు.
"జరం లేదే" అన్నాడు.
లేదు. గాయం లేదు, చీము లేదు, దగ్గు లేదు.
నాకు తెలిసిన మాటలన్నీ వెతికాను.
"ఒంట్లో సన్నగా మంట ఉందన్నా.
కొవ్వు పేరుకున్న చోట
నెత్తురు ఊరికే కాపలాకు లేస్తాది,
దొంగ లేకపోయినా, రాత్రంతా..."

మధ్యలోనే ఆపాడు.
చొక్కా మీద పత్తి నూగు, కనుబొమల మీద కూడా.
"మా మిల్లులో అంతే మేడం.
జిన్నింగులో రాయి తగిలి ఒక నిప్పురవ్వ
పత్తితో బాటు బేలులోకి పోతాది.
పొగ రాదు. మంట రాదు.
పది దినాలు, పదైదు దినాలు
లోపల్లోపలే తింటాంటాది.
ఇనుప చువ్వ గుచ్చి, తీసి,
చెంపకు ఆనించుకుంటేనే తెలిసేది."
నా చేతిలో సూది వైపు చూశాడు.

"మరి ఆర్పేదెట్లా?"
నిజంగానే తెలియక అడిగాను.

"పైన నీళ్లు పోస్తే ఏం లాభం?
పక్కకు దొర్లించాల. పట్టీలు కోయాల.
చేత్తో పొరా పొరా విప్పాల, ఓపిగ్గా.
బేలును తన్నితే ఆరతాదా?"

అప్పటిదాకా నేల చూస్తున్న పిల్ల
తలెత్తింది.
"బళ్లో నన్ను బేలు అనే పిలుస్తారు నాయనా."

బయట ఎవరో టోకెన్ నంబరు అరుస్తున్నారు.
ఇరవై ఏళ్లు కొక్కెంతో దొర్లించిన మాట
ఇంట్లోకొచ్చి కూర్చుందని
అతనికి ఇప్పుడే తెలిసింది.

కాగితం మీద ఆహారం, వ్యాయామం అని రాశాను.
రాస్తుంటే సిగ్గేసింది.
రాత్రి ఏడుదాకా స్టడీ అవరు,
ఆటస్థలంలో కొత్త గదులకు పునాదులు,
గేటు బయట వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు.
ఇన్ని పట్టీలు.
నా దగ్గర ఉన్నది సూది.

ఉరుకుందు రిపోర్టును నాలుగు మడతలు పెట్టి
పై జేబులో దోపుకున్నాడు.
రోజూ మిల్లు గేటు కాడ
అగ్గిపెట్టె తీసి ఇచ్చిపోవాలంట,
ఆ జేబులోంచే.
మెట్ల మీద కూతురి చెయ్యి పట్టుకోలేదు.
పక్కన నడిచాడు,
తన అడుగు ఆమె అడుగంత చేసుకొని.